ఒక్క గెలుపు ఏడాది

హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు నలుగురు కూడిన చోట ఈ మాట అంటే ఎవరూ ఊరుకోరు. నేను అన్నాను, తిట్లు తిన్నాను, ఇవాళ మళ్ళీ అంటున్నాను. 2022లో మనం ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన సీజన్ కంటే, 2023–24లో పట్టికలో అట్టడుగున మిగిలిన సీజనే నాకు ఎక్కువ ఇష్టం. 22 మ్యాచులాడి ఒకే ఒక్కటి గెలిచిన ఏడాది అది.

"ఏందన్నా ఆ మాట, కప్పు కంటే ఆ ఏడుపు నచ్చిందా నీకు?" అన్నాడు స్టేడియంలో నాకు పరిచయమైన ఒక తమ్ముడు. వాడికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. వాడి కోపం నాకు అర్థమైంది. నా మాట వాడికి అర్థం కావాలంటే మాత్రం గచ్చిబౌలి స్టేడియం నుంచి కాదు, లాలాగూడ నుంచి మొదలుపెట్టాలి.

నాన్న లాలాగూడ రైల్వే క్యారేజ్ వర్క్‌షాప్‌లో ఫిట్టర్. మా క్వార్టర్ల వెనక ఒక మైదానం ఉండేది. గడ్డి అక్కడక్కడా, మిగతాదంతా ఎర్రమట్టి. సాయంత్రం వర్క్‌షాప్ సైరన్ మోగిన పావుగంటకల్లా గోడ పొడవునా సైకిళ్లు వరసగా ఆనేవి. నీలం యూనిఫాంలోనే, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నూనె మరకల చేతులతోనే దిగేవాళ్లు. ఎక్కువమందివి ఉత్త కాళ్లే. బూట్లున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లు కూడా ఉత్త కాళ్ల వాళ్లతో ఆడేటప్పుడు బూట్లు విప్పి పక్కన పెట్టేవాళ్లు. అది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. ఎదుటివాడి కాలివేళ్లు నలగకూడదని, అంతే.

మా పక్క క్వార్టర్‌లో కొడుకు దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు పోలీస్ లైన్స్‌లో ఆడినవాడు. నాన్న ఆయన్ని "భాయ్‌సాబ్" అనేవాడు, మేమంతా "చాచా" అనేవాళ్లం. బంతి ఆయనదే. అంటే కొన్నది అందరూ చందాలేసుకునే, కానీ దాని బాగోగులన్నీ ఆయన చేతిలోనే.

ఆ బంతికి గాలి కొట్టడం ఇప్పటి పిల్లలెవరూ చూసి ఉండరు. తోలు బంతి, లోపల రబ్బరు బ్లాడర్. బంతి నోటికి లేసు అల్లి ఉండేది. చాచా ముందు లేసంతా విప్పేవాడు. బ్లాడర్ మెడలో సైకిలు పంపు గొట్టం పెట్టి, ఒక చేత్తో బంతిని నొక్కి చూసుకుంటూ గాలి కొట్టేవాడు. చాలు అనిపించగానే గొట్టం లాగేసి మెడను మెలితిప్పి, "బేటా, ఏలు పెట్టు" అనేవాడు. అదే నా పని. నేను మెడను వేళ్లతో బిగించి పట్టుకుంటే ఆయన దారంతో మూడు చుట్లు చుట్టి, మెడను మడిచి మళ్ళీ కట్టి, తోలు లోపలికి దోపి, లేసు బిగించేవాడు. ముడి పడేదాకా నేను ఊపిరి కూడా తీసేవాణ్ని కాదు. నా వేళ్ల కింద ఆ రబ్బరు సన్నగా వణికేది. ఆ వణుకు నాకు ఇప్పటికీ చేతుల్లో ఉంది.

వానాకాలం ఆ తోలు నీళ్లు తాగి గుండ్రాయిలా బరువెక్కేది. లేసున్న వైపు తలకు తగిలితే నుదుటి మీద గీతలు పడేవి. చాచా నుదుటి మీద కనుబొమ్మ పైన చిన్న మచ్చ ఒకటి ఉండేది. ఎక్కడిదని అడిగితే "రహీమ్ సాబ్ జమానాది" అనేవాడు.

రహీమ్ సాబ్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన గురించి ఇప్పుడు అందరికీ తెలుసు, తెలియాలి కూడా. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన భారత జట్టుకు కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించాం. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో పోయాడు.

ఇక్కడ నా రెండో మాట. ఇది కూడా మన వాళ్లకు నచ్చదు. రహీమ్ సాబ్ పేరు మనం మరీ ఎక్కువ తలుస్తున్నాం, ఆయన పని మాత్రం మరీ తక్కువ చేస్తున్నాం. హైదరాబాద్ ఫుట్‌బాల్ అనగానే 1956, 1962 అంటూ మొదలుపెడతాం, అక్కడే ఆపేస్తాం. ఫొటోకు దండేసి ఇంటికి పోతాం. చాచా ఎప్పుడూ పతకాల గురించి చెప్పలేదు. రహీమ్ సాబ్ స్కూల్ మాస్టారు కదా, ఆ మాస్టారుతనం గురించే చెప్పేవాడు. బలహీనమైన కాలితో కొట్టడం అలవాటయ్యేదాకా వదిలేవాడు కాదట. డ్రిబ్లింగ్ చేయకూడదన్న రూలుతో టోర్నమెంట్లు పెట్టించేవాడు. బంతి కాలికి తగలగానే ఇంకొకరికి ఇవ్వాల్సిందే. అప్పటి హైదరాబాద్ కుర్రాళ్లందరికీ బంతిని కాలికి అంటించుకుని తిరిగే పిచ్చి ఉండేదని, దాన్ని అదుపులో పెట్టడానికి ఆ రూలు అని చాచా చెప్పేవాడు.

"మరి డ్రిబ్లింగ్ తప్పా చాచా?" అని అడిగాను ఒకసారి.

"తప్పేంది బేటా. ఉన్నోడికే కదా పొదుపు నేర్పేది. లేనోడికి ఏం నేర్పుతావ్?"

ఇవాళ అకాడమీ పిల్లల ఆట చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది. గోల్‌కీపర్ దగ్గర మొదలుపెట్టి వెనకాలే నలుగురు అటూ ఇటూ పాసులు ఇచ్చుకుంటారు. పదేళ్ల పిల్లాడు ఒకడు ఎదురుగా ఉన్నవాణ్ని దాటబోతే గీత బయటి నుంచి కోచ్ "పాస్! పాస్!" అని అరుస్తాడు. పాసింగ్ గొప్పదే, కాదనను. కానీ ముందు వాడి కాళ్లకు బంతి మీద పిచ్చి పట్టనివ్వండి. పొదుపు తర్వాత నేర్పవచ్చు. ఈ కాలం ఆటలో నాకు బాధ కలిగించేది డబ్బు కాదు, ఇది. ఎదుటివాణ్ని దాటి చూద్దామన్న చిన్నపిల్లాడి ఆశను అంత తొందరగా తుంచేయడం.

మూడోది కలకత్తా సంగతి. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎందుకు పోయిందని అడిగితే పెద్దవాళ్లు చెప్పే జవాబు ఒకటే: మంచి ఆటగాళ్లంతా కలకత్తా పోయారు, అందుకే పోయింది. అమ్ముగూడ తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. నయీముద్దీన్ పోయాడు. హబీబ్ పోయాడు, వెనకే తమ్ముడు అక్బర్ పోయాడు. ఈ మాట చెప్పేటప్పుడు గొంతులో చిన్న నిష్ఠూరం వినిపిస్తుంది. నాకది ఎప్పుడూ న్యాయంగా తోచలేదు. కలకత్తాలో వాళ్ల ఆట చూడ్డానికి జనం విరగబడేవాళ్లు. పెద్ద క్లబ్బులు పిలిచి జెర్సీ ఇచ్చాయి. ఇక్కడ ఏముంది? డిపార్ట్‌మెంట్ ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు. ఆట బతికేది ఎక్కడో అక్కడికి ఆటగాడు పోతాడు. తప్పు పోయినవాళ్లది కాదు. వాళ్ల తర్వాత ఇంకొకరిని తయారుచేయలేని మనది.

1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో కలకత్తా క్లబ్ మోహన్ బగాన్ మీద పీలే ఆడాడు, న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో. మ్యాచ్ 2–2. బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి మన మహ్మద్ హబీబ్‌ది. మర్నాడు నాన్న పేపరు తెచ్చి గట్టిగా చదివాడు. చుట్టూ వర్క్‌షాప్ వాళ్లు. చాచా మాట్లాడకుండా పేపరు తీసుకుని, ఆ వార్త ఉన్న ముక్క జాగ్రత్తగా మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంగ్లీషు పేపరు అది. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు.

చాచా పోయాక ఆ మైదానంలో ఆట మెల్లగా తగ్గింది. 1983 తర్వాత మా ఈడు పిల్లలందరి చేతుల్లోకి బ్యాటు వచ్చింది. నేనూ ఆడాను, క్రికెట్ మీద నాకు ఏ కక్షా లేదు. వర్క్‌షాప్ టోర్నమెంట్ అప్పుడప్పుడూ జరిగేది, నాన్న వెంట వెళ్లేవాణ్ని. లాల్ బహదూర్ స్టేడియానికి కూడా వెళ్లేవాళ్లం. నాన్న దాన్ని చివరిదాకా ఫతే మైదాన్ అనే అన్నాడు. గ్యాలరీలో ఉడకబెట్టిన పల్లీల పొట్లం కొనిచ్చి, ఆట చూడమని, బంతిని చూడొద్దని చెప్పేవాడు. బంతి లేనివాడు ఎటు పరిగెడుతున్నాడో చూడమనేవాడు. ఆ అలవాటు నాకు పోలేదు. టీవీలో మ్యాచ్ చూసేటప్పుడు ఎప్పుడూ వెలితిగా ఉండేది అందుకే. కెమెరా బంతి వెంటే పోతుంది, నాన్న చూడమన్నది మాత్రం ఫ్రేము బయట ఉండిపోతుంది.

2008లో ఆసియా దేశాల జట్లు ఆడే ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ మన ఊళ్లో పెట్టారు. వానలకు గ్రౌండు పాడై ఫైనల్‌ను ఢిల్లీకి మార్చేశారు. సునీల్ ఛెత్రీ అక్కడ తజికిస్తాన్ మీద మూడు గోల్స్ కొట్టాడు. అంతా సంతోషించాం. నాన్న ఒక్కడే కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు.

అందుకే 2019లో హైదరాబాద్ పేరుతో క్లబ్ వచ్చినప్పుడు నేను చాలా ఆనందపడ్డాను. నాన్న అప్పటికి లేడు. మొదటి సీజన్‌లో గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి వెళ్లిన ప్రతిసారీ టికెట్టు ఇంటికి తెచ్చి నాన్న పాత ట్రంకు పెట్టెలో దాచాను. మా ఇంటి నుంచి గచ్చిబౌలి అంటే సిటీకి ఈ చివర నుంచి ఆ చివరకు. రాత్రి ఏడున్నరకు మ్యాచ్. ముగిసేసరికి తొమ్మిదిన్నర. తర్వాత ఆటో, మెట్రో, మళ్ళీ ఆటో. మర్నాడు పిల్లలకు స్కూలు. ఏడున్నర మ్యాచ్ టీవీ కోసం పెట్టింది, మా కోసం పెట్టింది కాదు. సైరన్ మోగాక నడిచి వెళ్లి చూసే ఆట మాది. అది పూర్తిగా వెనక్కి రాదని తెలుసు. కానీ లాలాగూడలోనో, బార్కస్‌లోనో, బొల్లారంలోనో పెరిగిన పిల్లాడు తనంతట తాను వెళ్లి చూసి రాగలిగినంత దూరంలో, ఆ వేళకు ఆట ఉండాలని కోరుకోవడం పాతకాలపు చాదస్తం కాదు.

సరే, ఆ కప్పు. 2022 మార్చి 20, ఆదివారం, గోవా ఫటోర్డా స్టేడియం. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. ఫైనల్‌కు జనాన్ని రానిచ్చారు. గ్యాలరీలన్నీ పసుపే. మన రంగూ పసుపే, కేరళ బ్లాస్టర్స్ రంగూ పసుపే. ఆ రోజు మైదానంలో పసుపు జెర్సీ మనది, గ్యాలరీలో పసుపు జనం వాళ్లది. టీవీలో చూస్తున్న నాకు ఆ దృశ్యం గుండెల్లో ఎక్కడో గుచ్చుకుంది. 68వ నిమిషంలో రాహుల్ గోల్ కొట్టాడు, కేరళ ముందుకెళ్లింది. ఇక అయిపోయింది అనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ టవోరా దూరం నుంచి కొట్టిన షాట్ లోపలికి పోయింది. అదనపు సమయం, పెనాల్టీలు. మన కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు. 3–1. నేను లేచి అరిచాను. మా అబ్బాయి నా మెడకు వేలాడాడు. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

ఆ రాత్రి ఎంతసేపటికీ నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. కానీ సంతోషం పక్కనే ఇంకొకటి కూడా ఉంది. బాల్కనీలోకి వచ్చి చూస్తే వీధి నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడా ఒక్క టపాకాయ పేలలేదు. ఫైనల్ మొదటి పదకొండు మందిలో హైదరాబాద్‌లో పుట్టినవాడు ఒక్కడూ లేడు. వాళ్లంటే నాకు ఇష్టమే. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే అంటే ప్రాణం. కానీ నూర్ మహ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ ఒకే ఒలింపిక్ జట్టులో ఉన్న ఊరికి ఇది ఎలాంటి కప్పు? మనది అన్న పేరుంది. మన గల్లీ దుమ్ము మాత్రం దాని మీద లేదు.

2023 ఫిబ్రవరిలో బలరామ్ కలకత్తాలో చనిపోయాడు. ఆగస్టు 15న హబీబ్ ఇక్కడే, హైదరాబాద్‌లో పోయాడు. ఆ రెండు వార్తల తర్వాత మొదలైంది, ఆ ఒక్క గెలుపు సీజన్.

కోచ్ మనోలో మార్కెస్ అప్పటికే ఎఫ్‌సీ గోవా జట్టుకు వెళ్లిపోయాడు. క్లబ్ డబ్బు కష్టాల్లో పడింది. సీజన్ నడుస్తుండగానే విదేశీ ఆటగాళ్లు, పేరున్న మన ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జెర్సీ వేసుకోవడానికి మిగిలింది కుర్రాళ్లు. కొందరు నిన్నమొన్నటిదాకా రిజర్వ్ జట్టులో ఆడినవాళ్లు. స్టాండ్స్‌లో మేం మిగిలాం, మహా అయితే వందల్లో.

నేను అంతకుముందు ఎన్నడూ వెళ్లనన్ని మ్యాచులకు ఆ సీజన్‌లో వెళ్లాను. ఎవరు గెలుస్తారో అందరికీ ముందే తెలుసు. అయినా ఆ పిల్లలు పరిగెత్తారు. ఒక సాయంత్రం మూడు గోల్స్ వెనకబడి ఉన్నాం. చివరి పది నిమిషాలు. మన కుడివైపు కుర్రాడొకడు బంతి అందుకున్నాడు. ఎదురుగా దేశం తరఫున ఆడిన డిఫెండర్. పాస్ ఇవ్వడానికి పక్కన మనవాడు ఖాళీగానే ఉన్నాడు. వాడు ఇవ్వలేదు. భుజం ఒకసారి లోపలికి వంచి, బయటికి తీసి, ఆ పెద్ద డిఫెండర్‌ను దాటేశాడు. క్రాస్ వేశాడు, ఎవరూ అందుకోలేదు, బంతి బయటికి పోయింది. అంతే. స్కోరులో అది ఎక్కడా లేదు. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. నా పక్కనున్న ముసలాయన, అంతకుముందు ఎప్పుడూ చూడలేదు నేను, "షాబాష్ బేటా" అన్నాడు, గట్టిగా కూడా కాదు, తనలో తాను అనుకున్నట్టు. ఆయన కళ్లలో నీళ్లు.

ఆ క్షణానికి ఫటోర్డా పెనాల్టీలు సాటి రావు. నా వరకు నిజం ఇదే. ఓడిన ప్రతి ఆట అయ్యాక ఆ కుర్రాళ్లు మా స్టాండ్ దగ్గరికి వచ్చి చప్పట్లు కొట్టేవాళ్లు. తలలు వంచుకుని, సిగ్గుపడుతూ. మేం ఇటు నుంచి కొట్టేవాళ్లం. అంత దగ్గరగా ఒక జట్టును నేను లాలాగూడ మైదానం తర్వాత మళ్ళీ చూడలేదు. ఆ ఏడాది గెలిచిన ఆ ఒక్క ఆట, చెన్నైయిన్ ఎఫ్‌సీ జట్టు మీద, ఇంట్లో టీవీలోనే చూశాను. ముగిసిన వెంటనే మా అబ్బాయి నా ఫోన్ తీసుకుని పట్టికలో మన స్థానం చూశాడు. చివరే. "ఐతే ఏంటి నాన్నా, గెలిచాం కదా" అన్నాడు.

వాడికి పన్నెండేళ్లు. ఆర్సెనల్ అంటే పిచ్చి. రాత్రి పొద్దుపోయేదాకా మ్యాచులు చూస్తాడు. మన అభిమానులు చాలామంది విసుక్కుంటారు, పిల్లలంతా విదేశీ క్లబ్బుల జెర్సీలు వేసుకుని తిరుగుతున్నారని, మన ఆట చూడరని. నేను విసుక్కోను. పీలే వస్తున్నాడని తెలిసి వర్క్‌షాప్ అంతా ఎదురుచూసింది కదా. ఆట ఎక్కడ అందంగా ఉంటే కన్ను అక్కడికి పోతుంది. ఆ కన్నుతోనే వాడు గచ్చిబౌలిలో ఆ కుర్రాడి భుజం వంపు చూశాడు. ఇంటికొచ్చాక హాల్లో మెత్తటి బంతితో అదే పది సార్లు చేసి చూపించాడు.

2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారిపోయింది. మన వాళ్లు కోపంతో రగిలిపోయారు. ఆ కోపంలో న్యాయముంది. నాకూ బాధ కలిగింది. కానీ ఈ ఊరి నుంచి ఫుట్‌బాల్ పోయిందన్న మాటకు మాత్రం ఒప్పుకోలేదు. శుక్రవారాలు బార్కస్ వెళ్లి చూడండి. నమాజు అయ్యాక పిల్లలు ఎలా దిగుతారో చూడండి. క్లబ్బే ఆ పిల్లల దగ్గరికి రాలేదు, పిల్లలు ఎక్కడికీ పోలేదు.

మొన్న ఆదివారం మా అబ్బాయిని లాలాగూడ తీసుకెళ్లాను. క్వార్టర్లు కొన్ని కూలిపోతున్నాయి. మైదానంలో సగం దాకా తుప్పుపట్టిన ఇనుప సామాను పడేసి ఉంది. మిగిలిన సగంలో ఏడుగురు పిల్లలు ఆడుతున్నారు, రెండు ఇటుకలు అటు, రెండు చెప్పులు ఇటు. వాడు కాసేపు గట్టు మీద నిలబడి చూశాడు. తర్వాత నా వైపు చూసి బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగాను.

"వాళ్లకు లేవు కదా నాన్నా" అన్నాడు, సాక్సులు బూట్లలోకి దోపుతూ.